తాళం వేసిన పిండి డబ్బా

డిసెంబరు 3

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరాలేంటని నవ్వుకోకు. ఫోన్లో నీ గొంతు నమ్మే రోజులు ఎప్పుడో పోయాయి. మొన్న కరెంటాఫీసు వాడిలా మాట్లాడి మీ బావ చేత ఫ్రిజ్ తలుపు పట్టుకుని అరగంట నిలబెట్టించావు. పాపం, ఆయన నిలబడ్డాడు కూడా. చేతిరాతనైతే నువ్వు మార్చలేవు. కోడి గీకినట్టుండే ఆ రాత లోకంలో ఇంకెవరికీ రాదు. కాబట్టి ఈ విషయం తేలేదాకా మన మాటలన్నీ కాగితం మీదే.

విషయం ఏంటంటే, సంవత్సరాఖరు సెలవుల విందు ఈసారి మా ఇంట్లో. మా అమ్మాయి పెళ్లి చేసుకుంటానంటున్న ఈత మాస్టారూ, ఆయన తల్లీ వస్తున్నారు. మాస్టారికి గోధుమ పడదు. పడదంటే కడుపుబ్బరం అనుకోకు. గోధుమలో, బార్లీలో గ్లూటెన్ అని ఒకటుంటుందట. అది రవ్వంత లోపలికి పోయినా ఆయన పేగు లోపలి పొర పాడైపోతుంది. చిన్నప్పుడు ఇదేంటో తెలియక ఎముకల గూడై ఆస్పత్రిలో పడి ఉన్నాడట. ఆ తల్లి నర్సుగా చేసి రిటైరయిన మనిషి. అమ్మాయితో ఒక్కటే మాట అందట. “మీ ఇల్లు పెద్దదా చిన్నదా నాకక్కర్లేదమ్మా. మీ అమ్మ చేతి వంట తిని మావాడు మర్నాడు మామూలుగా లేచి తిరిగితే చాలు, పెళ్లి మాట మాట్లాడుకుందాం.”

అర్థమైందా? అమ్మాయి బతుకు నా వంటింట్లో ఉంది. అన్నం, కోడికూర, బియ్యప్పిండి అద్ది వేయించిన చేప, ఉడికించిన బంగాళాదుంపలు, చివర్లో బియ్యప్పిండీ బాదంపొడీ కలిపిన కేకు. ఇవీ అనుకున్నవి.

నువ్వు మేనమామవి, రాకపోతే అమ్మాయి ఊరుకోదు. కానీ నువ్వు నా గోధుమపిండి డబ్బాలో రబ్బరు బల్లిని పెట్టిన మనిషివి. చీపురుతో కొట్టి కొట్టి నేను దాని తోక తెంపుతుంటే పక్కన నిలబడి “ఇంకా గట్టిగా కొట్టక్కా, కదులుతోంది” అన్నావు. ఈసారి అలాంటివేమీ చేయనని రాసి సంతకం పెట్టి పంపు.

నీ మీద ఒక కన్నేసి ఉంచే
అక్క


డిసెంబరు 7

గొప్పింటి అక్కగారికి తాళాలు తీసి బతికే తమ్ముడు రాసుకునేది,

అమ్మాయి పంపిన ఫోటో చూశా. ఆ భుజాలేంటి, ఆ ఛాతీ ఏంటి! మా షాపు షట్టరు ఒంటి చేత్తో ఎత్తేసేలా ఉన్నాడు. ఇంత మనిషిని రొట్టెముక్క పడగొడుతుందా? నాకెక్కడో తేడా కొడుతోందక్కా. నువ్వేమో చదువుకున్నదానివి, కాగితం మీద ఏముంటే అది నమ్ముతావు. నేను ఎనిమిది తప్పి ఆకురాయి పట్టినవాడిని. నాకు ముందు అనుమానం పుట్టి ఆ తర్వాతే నమ్మకం పుడుతుంది.

నా లెక్క ప్రకారం ఇది ఆ నర్సమ్మ ఎత్తు. కొడుకు ఇంకెవరి చేతి కూడూ తినకుండా తన వంటింటి గుమ్మానికి కట్టేసుకోవడానికి కనిపెట్టిన రోగం. రేపు పెళ్లయ్యాక మన పిల్ల ఏం వండినా “అయ్యో, మావాడికి పడదమ్మా” అని పళ్లెం లాగేసుకుంటుంది. చూస్తూ ఉండు.

మా పనిలో ఎవర్నీ ఊరికే నమ్మం. “తాళంచెవి పోయింది, వచ్చి తలుపు తీయి” అని వచ్చిన ప్రతివాడిదీ ఆ ఇల్లు కాదు. అందుకే సుత్తి తీయకముందు ఒకటి అడుగుతా. “లోపలికెళ్లగానే ఎడమ చేతి పక్కన ఏముంటుంది?” అని. ఇంటివాడైతే విరిగిన కుర్చీ అనో, చెప్పుల గుట్ట అనో టక్కున చెప్తాడు. కానివాడు మెడ గోక్కుంటాడు. మీ మాస్టార్ని కూడా అలాగే ఒకసారి అడిగి చూద్దామా? చేపముక్క మీద చిటికెడు గోధుమపిండి. అంతే. నిజమో నాటకమో సాయంత్రానికి తేలిపోతుంది. నేను చూసుకుంటాలే, నువ్వు చూడనట్టు ఉండు.

బావకి చెప్పు, ఫ్రిజ్ తలుపు ఇక వదిలేయొచ్చని.

సంతకం అడిగావుగా. ఇదిగో, పక్కన బల్లి బొమ్మ వేశా. అదే నా సంతకం.

తమ్ముడు


డిసెంబరు 11

ఒరేయ్,

నీ ఉత్తరం నాకంటే ముందు అమ్మాయి చదివింది. చదివి నా చేతిలో పెట్టి గదిలోకి పోయి తలుపేసుకుంది. అన్నానికి పిలిస్తే లోపల్నుంచే “మామయ్య వస్తే నేను వాళ్లని రావద్దని చెప్పేస్తానమ్మా” అంది. నీకు నవ్వొస్తోందేమో. దానికి రావట్లేదు, నాకూ రావట్లేదు.

నేను ఇక్కడ ఏం పడుతున్నానో తెలుసా? చెక్క గరిటెలన్నీ పారేశా, వాటి గీతల్లో పాతపిండి దాక్కుంటుందట. జల్లెడ కొత్తది, పెనం కొత్తది, కేకు గిన్నె కొత్తది. బియ్యం మర పట్టిద్దామని పోతే నా ముందు ఒకావిడ గోధుమలు పోసి నిలబడింది. మర లోపల మిగిలిన ఆవిడ పిండి నా పిండిలోకి రాదూ? బియ్యం మూట ఎత్తుకుని వెనక్కొచ్చేశా. బియ్యం తప్ప ఇంకేదీ ఆడని మర ఊరి చివర ఒకటుందంటే మీ బావ స్కూటర్ ఎక్కి అక్కడికి పోయా. దారంతా ఆయన సణుగుడు వినలేక చచ్చా.

ఆ పిండి నీ చేతికి దొరకదు. తాళం డబ్బాలో పెట్టేశా. బల్లి పని చేసినందుకు శిక్షగా ఆ డబ్బాకి నీ చేతే గొళ్ళెం పెట్టించానే, అదే. ఇంట్లో తాళం పడే డబ్బా అదొక్కటే. సబ్బునీళ్లతో బాగా కడిగి ఎండలో పెట్టి మరీ పోశా. తాళంచెవి నా మెడగొలుసుకి వేలాడుతోంది. స్నానానికి పోయినా తీయట్లేదు.

నువ్వు ఈసారి రావద్దు. వచ్చే ఏడాది చూద్దాం.

అక్క


డిసెంబరు 15

అక్కా,

నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని ఒక ఆస్పత్రికి పోయా. జబ్బు చేసి కాదు. మందుల బీరువా తాళం పడట్లేదని పిలిచారు. పని చేస్తూ చేస్తూ అక్కడి డాక్టరమ్మని అడిగా. “గోధుమ తింటే మనిషి పడిపోతాడా అమ్మా, కండలున్నా సరే?” అని. ఆవిడ కళ్లజోడు తీసి నావైపు చూసింది. “పడిపోతే నయమే. బయటికి బాగానే తిరుగుతూ లోపల కొద్దికొద్దిగా పాడైపోతారు, అదీ బాధ. ఎవరికి?” అంది. మా మేనకోడలికి కాబోయేవాడికి అన్నా. “అయితే మీ చేతులు కడుక్కునే అతనికి షేక్‌హ్యాండ్ ఇవ్వండి” అంది. నేను ఆ పూట తాళం బిగించే మేకు రెండుసార్లు తప్పు కొట్టా.

నేను రాసిన చిటికెడు మాట వెనక్కి తీసుకుంటున్నా. అమ్మాయికి చూపించు ఈ ముక్క.

ఇంకోటి. కోడికూరలో నువ్వు సోయా సాసు పోస్తావు, నాకు తెలుసు. సీసా వెనక చీమల బారులాంటి అక్షరాలుంటాయి, చదువు. మా పక్క దుకాణంలో సీసా మీద గోధుమ అనే ఉంది. వేపుడు నూనె కూడా కొత్తది పొయ్. పాత నూనెలో ఎప్పుడో రొట్టెపొడి అద్దిన ముక్కలు వేయించే ఉంటావు. బజార్లో దొరికే మసాలాపొడి మానేసి ఇంట్లోనే దంచు.

నన్ను రావద్దన్నావు. సరే. నీ వంటిల్లు, నీ ఇష్టం. కానీ వచ్చి ఆ అబ్బాయి చేయి పట్టుకుని ఒకసారి పలకరించాలని ఉంది. చేతులు కడుక్కునే.

తమ్ముడు


డిసెంబరు 19

తమ్ముడూ,

నువ్వు తిట్టి రాస్తే నాకు నిద్ర పడుతుంది. ఇంత బుద్ధిగా రాశావంటే ఏదో పెద్దదే వండుతున్నావని భయమేస్తోంది. ఉత్తరం వెలుతురుకి పట్టి చూశా, వాసన చూశా, మీ బావకిచ్చి చూడమన్నా. “ఏముందే ఇందులో, కాగితమేగా” అన్నాడు. ఆయనకేం తెలుసు. పోయినసారి నువ్వు పంపిన శుభాకాంక్షల కవర్లో మిరపపొడి ఉంది.

కానీ సోయా సాసు సీసా తిప్పి చూశా. గోధుమే. చెప్పకపోతే పోసేసేదాన్నే. అమ్మాయి కూడా చూసి “మామయ్యకెలా తెలుసు?” అంది. తర్వాత తనే “రమ్మనమ్మా” అంది. దాని మాట మీద పిలుస్తున్నా, నా మాట మీద కాదు.

షరతులు విను. ముందురోజు సాయంత్రం రా. గుమ్మంలో నిలబడి జేబులు చూపించాలి. సంచి మీ బావ వెతుకుతాడు. వంటింట్లో అడుగు పెట్టకూడదు. నీ పనిముట్ల సంచి మీ ఇంట్లోనే ఉండాలి. నీకు తాళాలేంటి, గుండుసూది దొరికితే బ్యాంకు తలుపైనా తీస్తావు.

అక్క


డిసెంబరు 22

అక్కా, వస్తున్నా. జేబుల్లేని చొక్కా ఒకటి కుట్టించుకున్నా. దర్జీ “డబ్బులెక్కడ పెట్టుకుంటావయ్యా” అన్నాడు. మా అక్క ఇంటికెళ్లేవాడికి పరువు పెట్టుకోవడానికే చోటుండదన్నా.

తమ్ముడు


డిసెంబరు 28

ఈ ఉత్తరానికి పిలుపు లేదు. నిన్నేమని పిలవాలో తెలియట్లేదు.

విందయ్యాక నువ్వు సాయంత్రం బస్సెక్కావు. అప్పటికి అందరూ నవ్వుతూనే ఉన్నారు. ఆ నర్సమ్మ కూడా నువ్వు చెప్పిన మీ షాపు షట్టరు కథకి పైట కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. రెండోసారి కేకు అడిగి తిన్నాడు అబ్బాయి. “ఇంకొకరి ఇంట్లో కేకు తినడం ఇదే మొదటిసారండీ” అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ రాత్రి వాళ్లు మా ఇంట్లోనే ఆగారు, అప్పుడు మొదలైంది. అంత మనిషి కడుపు పట్టుకుని మా వరండాలో చంటిపిల్లాడిలా ముడుచుకుపోయాడు. తల్లి కేక వేయలేదు, ఏడవలేదు. తలకింద చేయి పెట్టి కూర్చుంది. తెల్లారాక నన్ను పక్కకి పిలిచి “వంటింట్లోకి మీరు కాక ఇంకెవరెళ్లారమ్మా?” అని మాత్రం అడిగింది. నా మొహం చూసి ఆవిడ ఇంకేమీ అడగలేదు. కొడుకుని తీసుకుని వెళ్లిపోయింది. ఇప్పుడతను లేచి తిరుగుతున్నాడట. పెళ్లి మాట మాత్రం ఆవిడ ఎత్తట్లేదు.

విందు రోజు పొద్దున నీళ్లు తాగొస్తానని వంటింట్లోకి పోయి నువ్వెంతకీ రాలేదు. నేను వచ్చేసరికి ఆ డబ్బా ముందు గొంతుకూర్చుని ఉన్నావు. “ఏంట్రా?” అంటే “నా తాళం ఎలా ఉందో చూస్తున్నానక్కా” అన్నావు. అప్పటికింకా నేను కేకు కలపలేదు. చెవి నా మెడలోనే ఉంది. చెవి లేకుండా తాళం తీసే చేయి ఆ ఇంట్లో ఒక్కటే.

నువ్వు ఏడో తారీఖున రాసిన చిటికెడు ఉత్తరం నా ముందే ఉంది. పక్కన బల్లి బొమ్మ కూడా.

నువ్వేనా? అవునో కాదో ఒక్క ముక్క రాయి. కథలొద్దు.


డిసెంబరు 31

అక్కా,

అవును. నేనే.

గుప్పెడు గోధుమపిండి కాగితంలో చుట్టి నడుం దగ్గర పెట్టుకొచ్చా. గుండుసూదితో తాళం తీసి పిండిలో కలిపేశా. బావ వెతికింది సంచీ, నువ్వు చూసింది జేబులు. నడుం ఎవరు చూశారు?

నర్సమ్మగారికి కూడా విడిగా రాశా. ఇంటి అడ్రసు తెలియక ఈత కొలను అడ్రసుకి మాస్టారి పేర వేశా, తల్లికి అందజేయమని. ఆ ఇంట్లో వంట శుభ్రంగానే జరిగింది, అక్కకి ఏ పాపం తెలియదు, తప్పంతా మధ్యలో దూరిన ఈ గాడిదది అని రాశా. ప్రతి ఇంట్లో ఇలాంటివాడు ఒకడుంటాడమ్మా, వాణ్ని గుమ్మం బయట కట్టేస్తే సరిపోతుంది, దానికి పిల్ల పెళ్లి ఆపడమెందుకు అని కూడా రాశా. పెళ్లికి నేను రాను. ఆ రోజు షాపు తెరిచి ఉంచుతా.

అమ్మాయికి నా మొహం చూపించను. నువ్వూ చూడకు.

ఒక్క మాట మాత్రం విను. ఆ డబ్బా పారెయ్. మళ్లీ ఆ అబ్బాయికి ఏది చేసినా పిండి కొత్త గాజుసీసాలో పెట్టు. మర్చిపోకు.

తమ్ముడు


జనవరి 8

ఒరేయ్ అబద్ధాలకోరూ,

నీ ఉత్తరం చదివి రెండ్రోజులు నిన్ను తిట్టని తిట్టు లేదు. మూడోరోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే నీ చివరి మాట గుర్తొచ్చింది. డబ్బా పారెయ్. ఎందుకు? పిండిలో గోధుమ కలిపింది నువ్వైతే డబ్బా ఏం చేసింది? గాజుసీసా ఎందుకు?

డబ్బా తెచ్చి వరండాలో కాగితం పరిచి బోర్లించా. ఏమీ లేదు, తళతళలాడుతోంది. మీ బావ “వదిలెయ్యవే” అన్నాడు. వదల్లేదు. గొళ్ళెం కోసం నువ్వు అంచు వంచి లోపలికి మడత కొట్టావు చూడు, ఆ మడతలోకి చాకు మొన దూర్చి గీరా. బూడిదరంగు పొడి జలజల రాలింది. ముక్కిపోయిన వాసన. నేను ఎన్నేళ్లుగా పోస్తున్న గోధుమపిండో అది! కడిగా, ఎండబెట్టా, కానీ ఆ మడతలోకి నీళ్లెక్కడ పోతాయి? గిన్నెతో తోడిన ప్రతిసారీ అంచుకి తగిలి అది కొంచెం కొంచెం బియ్యప్పిండిలో పడింది.

నీ భయంతో వేసిన తాళంరా అది. నీకు భయపడి ఆ డబ్బాలో పెట్టా. మామూలు గిన్నెలో మూత పెట్టి వదిలేసుంటే అబ్బాయి హాయిగా ఉండేవాడు. నీ మీద అనుమానంతో నేనే పెట్టాను పిండంతా తీసుకెళ్లి గోధుమలో.

ఆ రోజే నర్సమ్మగారింటికి పోయా. మీ బావ తోడొస్తానన్నా వద్దన్నా. గుమ్మంలోనే నిలబడి, డబ్బా సంగతి, మడత సంగతి అంతా చెప్పేశా. ఆవిడ విని లోపలికెళ్లి నీ ఉత్తరం తెచ్చింది. “ఈ పెద్దమనిషి గుప్పెడు కలిపానని రాశాడు. నేను పాతికేళ్లుగా గోధుమ లేని కేకులు చేస్తున్నానమ్మా. మీ కేకు ముక్క చేతిలో ఇసుకలా రాలింది. గుప్పెడు గోధుమ పడ్డ కేకు అలా రాలదు, సాగుతుంది. అప్పుడే అనుకున్నా, ఈయన ఎవరినో కాస్తున్నాడని. ఎవర్నా అని ఎదురు చూస్తున్నా” అంది. తర్వాత నన్ను లోపలికి రమ్మంది. చెప్పులు విప్పుతుంటే వెనక నుంచి “అబద్ధం రాయడం కూడా రాని మనిషి పిండేం కలుపుతాడులెండి” అంది.

పై ఆదివారం విందు వాళ్లింట్లో. వంట ఆవిడదే. పెళ్లి మాట ఆ రోజే. నిన్ను తీసుకురాకపోతే నన్ను కూడా రావద్దంది. అమ్మాయి నీకు వేరే ఉత్తరం రాస్తానని కూర్చుంది, ఇప్పటికి నాలుగు కాగితాలు చింపింది.

ఆ డబ్బా పారేయలేదు. నీకే పార్శిల్ చేస్తున్నా. తాళంచెవి కూడా పెట్టా, చూసుకో.

అక్క


జనవరి 13

అక్కా,

పార్శిల్ వచ్చింది. షాపు బల్ల మీద పెట్టి దూరంగా కూర్చుని చూస్తున్నా. అంత తీయగా ఉత్తరం రాసిన అక్క ఊరికే డబ్బా పంపుతుందా అని నా అనుమానం నాది.

నాకు ఎప్పుడు తెలిసిందంటావేమో. ఆ పొద్దున డబ్బా ముందు కూర్చున్నప్పుడు మాత్రం నిజంగా తాళమే చూశా. ఇన్నేళ్లయినా తుప్పు పట్టలేదని మురిసిపోయా. నువ్వు ‘చెవి నా మెడలోనే ఉంది’ అని రాశాక, తాళం తీయకుండా పిండి ఎలా పాడవుతుందా అని బుర్ర గోక్కుంటుంటే నా చేత్తో కొట్టిన మడత కళ్లముందు కనిపించింది. బుద్ధున్నవాడైతే ఆ అంచు టంకం వేసి మూసేవాడు. నేను అప్పుడు బల్లి గురించి నవ్వుకుంటూ సుత్తితో రెండు దెబ్బలు కొట్టి వదిలేశా. కాబట్టి ‘నేనే’ అని రాసింది మరీ అంత పచ్చి అబద్ధమేం కాదు. గుప్పెడే అబద్ధం.

ఇప్పుడు డబ్బా మాట. కాగితం విప్పా, అట్ట విప్పా, గడ్డి దులిపా. తాళంచెవి లేదు. మా షాపు కుర్రాళ్ల చేత నేలంతా ఊడిపించా, లేదు. చివరికి డబ్బా పట్టుకుని ఊపా. లోపల గలగలమంది. నొక్కితే పడిపోయే తాళం కదా అది. చెవి లోపల పడేసి పైన నొక్కేశావు! ఎవరు నేర్పారే నీకు ఇదంతా? బావ ఈ విషయం తెలిసీ నోరు మెదపలేదంటే ఫ్రిజ్ తలుపు కసి ఇంకా తీరలేదన్నమాట.

గలగల మధ్యలో ఒక మెత్తటి చప్పుడు కూడా వస్తోంది. అదేంటో నాకు తెలుసు. దానికి తోక లేదని కూడా తెలుసు. ఇన్నేళ్లు ఎక్కడ దాచావే?

దర్జీ దగ్గరికి పోయి ఆ చొక్కాకి ఒక జేబు కుట్టమన్నా. ఆదివారం పొద్దున మొదటి బస్సుకే వస్తున్నా. డబ్బా ఒళ్లో పెట్టుకునొస్తా. కానీ ఆవిడ గుమ్మం దాటనివ్వను, మడతలో ఇంకా ఏముందో ఎవడు చూశాడు? బయట మెట్ల మీద పెట్టి, చేతులు కడుక్కునే లోపలికొస్తా.

ఈ తాళం తీయడం నాకు గుండుసూది పని, ఒక్క ఊపిరి కూడా పట్టదు. అది నీకూ తెలుసు, తెలిసే పంపావు. వచ్చిన దగ్గర్నుంచి నా బల్ల మీదే ఉంది, పనిముట్లన్నీ చేతికందేంత దూరంలో.

తీయలేదక్కా. వేసింది వేసినట్టే ఉంది. వచ్చి చూసుకో.

తమ్ముడు